పెళ్లయ్యాక మొగుడికి ‘వద్దు’ అని చెప్పకూడదా?

చెల్లీ, “పెళ్లయి ఏడాది కాలేదు, మా ఆయన తాగడు, కొట్టడు, జీతం తెచ్చి చేతికిస్తాడు, కానీ రాత్రిళ్లు వద్దన్నా ఊరుకోడు, నాకేమో నొప్పి తప్ప ఏమీ తెలీదు, అమ్మకి చెబితే మగాడన్నాక అంతే, సర్దుకో అంటోంది, లోపం నాలోనే ఉందా” అని కదా నువ్వడిగింది. లేదు. ముందు ఆ అనుమానం పక్కన పెట్టేయ్.

మాది తిరుపతే, కొర్లగుంట. పెళ్లయిన కొత్తలో మా ఇంట్లోనూ ఇదే కథ. మా ఆయన చెడ్డవాడేం కాదు, కానీ నేను గోడవైపు తిరిగి పడుకుంటే అలక అనుకునేవాడు, నోరెత్తకపోతే సరేనన్నట్టు లెక్కేసుకునేవాడు. మౌనం అర్ధాంగీకారం అని నేర్పించి పెట్టాం కదా! శోభనం గది బయట జోకులు, పొద్దున్నే అత్తల ఆరాలు, ఇంతమందిలో ఆ పిల్లకి ఇష్టమేనా అని అడిగేవాళ్లు ఒక్కరుండరు.

నేను రాత్రిపూట చెప్పలేదు. పక్క మీద చెబితే గొడవైనా అవుతుంది, లేదా బతిమాలుడైనా మొదలవుతుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం కింద కూర్చుని ఉడకబెట్టిన శెనక్కాయలు ఒలుచుకుంటుంటే, “నాకు నొప్పిగా ఉంటోంది, ఇష్టం లేనప్పుడు నా మీద చెయ్యి వెయ్యొద్దు” అనేశా. ఆయన ఒలిచిన కాయ నోట్లో వేసుకోకుండా అలాగే పట్టుకుని, “మరి ఇన్నాళ్లూ చెప్పలేదే” అన్నాడు. “నువ్వడిగావా?” అన్నా. కొన్నాళ్లు మొహం మాడ్చుకుని తిరిగాడులే. ఆ తర్వాత ఒక రాత్రి వద్దంటే అటు తిరిగి గురకపెట్టి నిద్రపోయాడు చూడు, ఆ గురక విన్నాక గానీ నాకు ధైర్యం రాలేదు. వద్దంటే ఆగుతాడని నమ్మకం కుదిరాకే నాకూ కావాలనిపించడం మొదలైంది.

సుఖం గురించి మనకి ఎవరూ చెప్పరు. మగాడు లోపలికి పోవడం ఒక్కదానితోనే చాలామంది ఆడవాళ్లకి తృప్తి రాదు, అది జబ్బేమీ కాదు. అసలు సుఖం ఎక్కువగా యోని ద్వారానికి కాస్త పైనుండే క్లిటోరిస్ దగ్గరుంటుంది, పైకి బఠానీ గింజంతే కనిపిస్తుంది కానీ లోపల చాలా పెద్దది. దాన్ని హెలెన్ ఓకానెల్ అనే ఆస్ట్రేలియా డాక్టరమ్మ సరిగ్గా వివరించింది 1998లో, అంటే డాక్టర్లే అంత ఆలస్యంగా పట్టించుకున్నారు, ఇక మీ ఆయనకేం తెలుస్తుంది? ఎక్కడ బాగుంటుందో, ఎంత నిదానంగా ఉండాలో నువ్వే చెప్పాలి, ముందు నీకు తెలియాలి కూడా.

మన ఊళ్లో మే నెలలో గంగమ్మ జాతర చేస్తాం కదా. ఊళ్లో ఆడపిల్లల్ని చెరబట్టే పాలెగాణ్ని అమ్మవారు వేషాలు మార్చి వెతికి చంపిన కథే అది, మగవాళ్లు చీరలు కట్టుకుని మరీ మొక్కులు తీర్చుకుంటారు. పాలెగాడి మీద అందరికీ కోపమే. తాళి కట్టినవాడైతే మాత్రం సర్దుకో అంటాం.

చట్టమూ అక్కడే తడబడింది. భారతీయ న్యాయ సంహితలో అత్యాచారం అంటే ఏంటో చెప్పే 63వ సెక్షన్‌లో, ఆడమనిషి ఎదిరించనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని రాసుంది, అదే సెక్షన్ చివర్లో 18 ఏళ్లు నిండిన భార్య విషయంలో భర్తకి మినహాయింపూ ఉంది. 2022 మేలో ఢిల్లీ హైకోర్టులో ఇద్దరు జడ్జీలు దీని మీద చెరో తీర్పు ఇచ్చారు, అది సుప్రీంకోర్టుకి వెళ్లింది. అలాగని నీకు దారే లేదనుకోవద్దు, 2005 గృహహింస చట్టం లైంగిక హింసని కూడా హింసగానే లెక్కేస్తుంది, చేసింది భర్త అయినా సరే.

నొప్పి సంగతి వదిలేయొద్దు, లేడీ డాక్టర్‌కి చూపించుకో. ఇన్ఫెక్షన్ కావచ్చు, పొడిబారడం కావచ్చు, భయంతో కండరాలు బిగుసుకోవడం కావచ్చు, వీటికి చికిత్స ఉంది. వీలైతే మీ ఆయన్నీ వెంట తీసుకెళ్లు, డాక్టరమ్మ చెబితే మగాళ్లకి త్వరగా ఎక్కుతుంది (మనం చెబితే ఎందుకెక్కదో ఆ వెంకన్నకే తెలియాలి). ఇంత చెప్పాక కూడా బలవంతం చేస్తే, చెయ్యి చేసుకుంటే, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్, దానికి ఇంట్లో ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. మీ అమ్మకి ఏం చెప్పాలో తర్వాత చూసుకోవచ్చు.