1965 నాటి బేస్‌మ్యాన్ "అంతా ఒరిజినల్" అంటే ఎలా నమ్మాలి?

1965 నాటి ఫెండర్ బేస్‌మ్యాన్ హెడ్ (స్పీకరు విడిగా ఉండే గిటార్ యాంప్లిఫయర్, అంటే యాంప్) ఒకటి అమ్మకానికి వచ్చిందనీ, అమ్మేవాళ్లు "అంతా ఒరిజినల్" అంటున్నారనీ, డబ్బు కట్టేముందు ఏం చూడాలనీ అడిగారు. నేను ఇదే మోడల్‌ని, ఇదే మాట నమ్మి కొన్నాను. అందుకే కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం. ఇక్కడ ఉన్నవి రెండు ప్రశ్నలు. ఇది చెప్పిన ఏడాదిదేనా అన్నది ఒకటి. ఫ్యాక్టరీలో బిగించిన భాగాలు ఇందులో ఎన్ని మిగిలాయన్నది రెండోది. నా యాంప్ మొదటి ప్రశ్నకు పాసైంది, రెండో దాంట్లో తప్పింది. నేను ఆ రెంటినీ కలిపేసుకుని, ఏడాది సరిపోగానే నిశ్చింతగా డబ్బు కట్టేశాను.

ఏడాది తేల్చడానికి అందరూ చూసేది ట్యూబ్ చార్టు, అంటే క్యాబినెట్ లోపల అంటించిన కాగితం. ఏ ట్యూబ్ (పాత రేడియోల్లో ఉండేలాంటి గాజు వాల్వు) ఎక్కడ పెట్టాలో దాని మీద అచ్చువేసి ఉంటుంది, పక్కన రెండు ఇంగ్లిష్ అక్షరాల ముద్ర ఉంటుంది. మొదటి అక్షరం ఏడాది, 'ఎ' అంటే 1951 నుంచి లెక్క. రెండోది నెల, 'ఎ' అంటే జనవరి. నా దాని మీద 'ఓ ఎఫ్' అని ఉంది, అంటే 1965 జూన్. చూడగానే సంబరపడ్డాను. కానీ ఆ కాగితం అంటించి ఉన్నది చెక్క పెట్టెకి. అసలు యాంప్ అంతా ఉండేది లోపలి ఛాసిస్‌లో, అంటే భాగాలన్నీ బిగించిన లోహపు చట్రంలో. నాలుగు స్క్రూలు విప్పితే ఒక పెట్టెలోది ఇంకో పెట్టెలోకి మారిపోతుంది. కాబట్టి చార్టు చెప్పేది పెట్టె వయసు మాత్రమే.

ఛాసిస్ వయసు దాని మీది భాగాలే చెప్పాలి. వాల్యూమ్, బేస్, ట్రెబుల్ నాబ్‌ల వెనక ఉండే పాట్‌ల (నాబ్ తిప్పితే తిరిగే భాగాల) రేకు మీద అంకెలు కొట్టి ఉంటాయి. 137 సీటీఎస్ కంపెనీ కోడ్, తర్వాత రెండంకెలు ఏడాది, ఆ తర్వాతి రెండు వారం. 137-65-12 అంటే 1965లో 12వ వారం. ట్రాన్స్‌ఫార్మర్ల మీద 606 కోసం చూడండి, అది షూమాకర్ కంపెనీ కోడ్. అక్కడ ఏడాదికి తరచుగా ఒకటే అంకె ఉంటుంది, కాబట్టి 606-7 అంటే 1967 కావచ్చు, 1977 కూడా కావచ్చు. మిగతా భాగాలతో పోల్చుకుంటేగానీ తేలదు.

భాగాల తేదీలు చార్టు ముద్ర కంటే కొన్ని నెలలు ముందుంటే కంగారేం లేదు. ఫ్యాక్టరీలు సరుకు ముందే కొని పెట్టుకుంటాయి. ముద్ర కంటే తర్వాతి తేదీ ఉన్న భాగం కనిపిస్తేనే ఆగాలి.

నా దాంట్లో జరిగింది అదే. కొన్న కొన్నాళ్లకి కెపాసిటర్లు మార్పిద్దామని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. పాట్‌లు 65, పవర్ ట్రాన్స్‌ఫార్మర్ 65. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మీద మాత్రం 606-6-41. అంటే 1966లో 41వ వారం, అక్టోబరు, ముద్ర వేసిన పదహారు నెలల తర్వాత. ఇంకో యాంప్ నుంచి తీసి పెట్టినట్టుంది. మోడల్ ఒకటే కావడంతో బోల్టుల రంధ్రాలు చక్కగా సరిపోయాయి, బయట నుంచి చూస్తే అనుమానమే రాదు. ఆయన టార్చి వేసి లోపల చూపించారు. ట్రాన్స్‌ఫార్మర్ తీగలు సగంలో ఆగి, అక్కడి నుంచి వేరే తీగ మొదలైంది. అతుకు మీద నల్లటి ప్లాస్టిక్ తొడుగు. ఆ తీగ వచ్చి కలిసే పవర్ ట్యూబ్ సాకెట్లో మూడో పిన్ను దగ్గర సోల్డర్ అద్దంలా మెరుస్తోంది, చుట్టుపక్కల టంకాలన్నీ మసకబారి, దుమ్ము పట్టి ఉన్నాయి. అరవై ఏళ్ల టంకం మెరవదు. నాకు అప్పటిదాకా చూడాలనే తోచని చోటు అది.

అమ్మిన మనిషికి ఫోటోలు పంపితే "నాకూ తెలీదు" అన్నారు. నిజమే కావచ్చు, చేతులు మారిన సామానుకి ఎప్పుడో ఎవరో చేసిన రిపేరు అందరికీ తెలియదు. కానీ నేను కట్టింది మాత్రం పూర్తి ఒరిజినల్ ధర. యాంప్ ఇప్పటికీ బ్రహ్మాండంగా మోగుతుంది, రోజూ వాయిస్తున్నాను. ధర విషయం తలచుకుంటే మాత్రం ఇప్పటికీ బాధే.

మార్చినా తప్పుపట్టకూడనివి కూడా చెప్పాలి. ఫిల్టర్ కెపాసిటర్లు కాలంతో ఎండిపోతాయి, మార్చడమే మంచిది. ట్యూబ్‌లు వాడితే అరిగిపోయేవే. అప్పట్లో వచ్చిన రెండు పిన్నుల వైరు తీసేసి ఎర్త్ ఉన్న మూడు పిన్నులది వేయించి ఉంటే నేనైతే సంతోషిస్తాను, ప్రాణం కంటే ఒరిజినల్ ఎక్కువ కాదు. ఇవి చూపించి బేరమాడకండి. ట్రాన్స్‌ఫార్మర్లు, ఛాసిస్, పెట్టె, ముందు ప్యానెల్, ఈ నాలుగింటి దగ్గర గట్టిగా అడగండి.

ప్యానెల్ అని ఎందుకన్నానంటే, 1968 ప్రాంతం నుంచి వచ్చిన వెండిరంగు ప్యానెల్ మోడల్‌కి కొత్తగా చేసిన నల్ల ప్యానెల్ బిగించి, అంతకుముందు వచ్చిన నల్ల ప్యానెల్ మోడల్, అంటే పాత 'బ్లాక్‌ఫేస్' అని అమ్మేవాళ్లున్నారు. ప్యానెల్ మరీ కొత్తగా మెరుస్తుంటే పాట్‌ల తేదీలు తప్పనిసరిగా చూడండి. ప్యానెల్ మీది కంపెనీ పేరు ఒక్కటే పట్టుకుని తీర్పు చెప్పకండి. అమెరికా ప్రసార సంస్థ సీబీఎస్ ఫెండర్‌ని కొన్నది 1965 జనవరిలో, ఆ ఏడాది యాంప్‌ల మీద పాత పేరూ కొత్త పేరూ రెండూ కనిపిస్తాయి. ఛాసిస్ సీరియల్ నంబరు కూడా సుమారు లెక్కే. పైన అంటించే నల్ల రెక్సిన్ లాంటి కవరింగ్ విషయంలో అంచుల్లో జిగురు మరకలు, వెనక పాత స్క్రూ రంధ్రాల గుర్తులు చూస్తే చాలు.

ఒక్కటి మాత్రం దయచేసి వినండి. ఛాసిస్ మీరే బయటికి లాగి లోపల చెయ్యి పెట్టకండి. ప్లగ్ తీసేసినా కెపాసిటర్లలో 400 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ల కోడ్ చూడటానికి వెనక పలక విప్పి టార్చి వేస్తే సరిపోతుంది. లోపలి పాట్‌లు, టంకాల ఫోటోలు ట్యూబ్ యాంప్‌లు తెలిసిన మెకానిక్ చేతే తీయించి పంపమని అమ్మేవాళ్లని అడగండి. కుదరదంటే, మీ మెకానిక్ చూశాకే డబ్బు అనండి. దానికీ ఒప్పుకోకపోతే నేనైతే వదిలేస్తాను.

ట్యూబ్ చార్టు ముద్ర, రెండు ట్రాన్స్‌ఫార్మర్ల కోడ్‌లు, కనీసం రెండు పాట్‌ల అంకెలు దొరికితే ఇక్కడ పెట్టండి. తేదీలు పొసుగుతున్నాయో లేదో కలిసి చూద్దాం.