తోక ఏదమ్మా?

చిరంజీవి సింధుకు,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో కాంగ్రెస్ అవెన్యూ వంతెన కింది గబ్బిలాల మీద రాయాలనుకోవడం బాగుంది. మొదటి పేజీ మాత్రం తీసెయ్. ఎర్రటి ఆకాశం, నల్లటి మేఘం, చప్పట్లు కొట్టే జనం... అక్కడికి వెళ్లినవాళ్లంతా ఇదే రాస్తారు. మా అమ్మాయి ఇంటికి వచ్చినప్పుడు నేనూ ఇదే రాసుకున్నాను, పైగా ‘పొగ’ అని కూడా.

రెండో పేజీలో ‘గుత్తులు గుత్తులుగా వేలాడుతూ’ అన్నావు. అవి మన ఊరి మర్రిచెట్టు గబ్బిలాలు. చిన్నప్పుడు చూసినవి నీకు తెలియకుండానే కలంలోకి దూరాయి. ఆ వంతెన కిందివి సందుల్లో ఇరుక్కుని ఉంటాయి. 1980లో వంతెనను మళ్లీ కట్టినప్పుడు, ఎండకు కాంక్రీటు సాగుతుందని కింద సన్నటి ఖాళీలు వదిలారు. ముప్పావు అంగుళం నుంచి అంగుళంన్నర వెడల్పు, 16 అంగుళాల దాకా లోతు. ఇంజనీర్ల లెక్క ఒకటైతే, మెక్సికో నుంచి మార్చిలో వచ్చే తల్లులకు అవి పురిటిగదులయ్యాయి. ఊళ్లో జనం హడలిపోయి వీటిని వెళ్లగొట్టాలన్నారు. గబ్బిలాల శాస్త్రవేత్త మెర్లిన్ టటిల్ 1986లో తన సంస్థను ఆ ఊరికే మార్చుకుని, వాళ్లకు నచ్చజెప్పాడు. నువ్వు ఈ కథను ఒక్క వాక్యంలో తేల్చేశావు. ఇక్కడ ఆగాలి కదా!

అన్నిటికంటే నాకు లోటనిపించింది తోక. ఆ గబ్బిలాల కుటుంబానికి ‘ఫ్రీ-టెయిల్డ్’, అంటే విడితోకవి, అని పేరొచ్చిందే దానివల్ల, నీ నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. పురుగులు తినే చాలా గబ్బిలాలకు తోక కాళ్ల మధ్య పొరలో కలిసిపోయి ఉంటుంది. వీటికి సగం తోక బయటికి వచ్చి, అచ్చం చిట్టెలుక తోకలా ఉంటుంది. నేను వెళ్లిన సాయంత్రం ఒకటి ఫుట్‌పాత్ మీద పడి ఉంది. చేతికి తొడుగు వేసుకున్న ఒకావిడ అట్టపెట్టె తెచ్చేదాకా వంగి చూస్తూనే ఉన్నాను. రెండు ఐదు రూపాయల బిళ్లలంత బరువు, ముడిచినా పొడుగ్గా కనిపించే సన్నటి రెక్కలు. ఆ రెక్కలతో నేలమీంచి లేవడం చాలా కష్టం. ఎత్తులోంచి కిందికి జారితేనే గాలి అందుతుంది. అందుకే వాటి ఇంటికి గుమ్మం ముందు పెద్ద ఖాళీ ఉండాలి. వంతెన కింద నది ఉన్నది అందుకు బాగా కుదిరింది.

అంకెలు తగ్గించు. వంతెన కింద 15 లక్షలు, శాన్ ఆంటోనియో దగ్గర బ్రాకెన్ గుహలో కోటిన్నర పైన అంటూ వరసగా పేరిస్తే చదివేవాళ్ల కళ్లు జారిపోతాయి. ఆ గుహలో బొచ్చు కూడా రాని పిల్లలు గోడకు ఒత్తుగా అంటుకుని ఉంటే, వేట నుంచి వచ్చిన తల్లి అరుపునూ వాసననూ బట్టి తన ఒక్క పిల్లనూ వెతుక్కుంటుంది. జాతరలో పిల్ల తప్పిపోయిన తల్లిని చూశావుగా, అలా రాయి.

మీ నాన్నగారు పత్తి వేసేవారన్నావు. పచ్చపురుగు అంటే ఆయనకు ఎంత టెన్షనో నీకు తెలుసు. దాని దాయాదే టెక్సాస్‌లో పత్తినీ మొక్కజొన్ననూ తొలిచేది. దాని రెక్కల పురుగులు రాత్రిపూట ఆకాశంలో ఎత్తున గాలివాటంగా వలసపోతుంటే, ఈ గబ్బిలాలు అంత ఎత్తుకూ వెళ్లి పట్టుకు తింటాయి. ఆయనకు ఫోన్ చేసి ఈ సంగతి చెప్పు. ఆయన అన్న మాట అన్నట్టే వ్యాసంలో పెట్టు.

ఈ కుటుంబంలోవి మన దేశంలోనూ ఉన్నాయి, పాత కోటల్లో, రాతి నెర్రెల్లో. తెలుగువాళ్ల కోసమని వాటిని చివర్లో అతికించకు. అది వేరే వ్యాసం.

వాసన గురించి ఒక్క ముక్కా రాయలేదేం? గబ్బు అనడానికి మొహమాటపడ్డావా? పిల్లలు కూడా ఎగరడం మొదలుపెట్టాక, ఆగస్టులో మళ్లీ వెళ్లు. ఈసారి వంతెన మీద కాకుండా కింద గట్టున నిలబడు. టోపీ మరిచిపోకు.

ఆశీస్సులతో,
మాస్టారు