పరంగులు ఎవరు, ఫిరంగులు ఏవి?

సందేహం: రాయచూరు యుద్ధాన్ని గురించిన ఒక వ్యాసంలో ‘కోట ముట్టడిలో రాయల పక్షాన పరంగులు గోడలను బద్దలు కొట్టాయి’ అన్న వాక్యం చదివాను. మా పెద్దలు తెల్లవారిని పరంగులనేవారు. వ్యాసకర్త ‘ఫిరంగులు’ అనబోయి ‘పరంగులు’ అన్నారా, లేక రెండూ ఒకటేనా? ఫిరంగి అన్న మాట తెల్లవారి పేరునుంచే పుట్టిందంటే, పోర్చుగీసువారు రాకముందు మన దేశంలో ఫిరంగులు లేవనే కదా అర్థం? ‘శతఘ్ని’ అని వ్రాస్తే ఈ చిక్కే ఉండదు కదా?

సమాధానం: రెండు మాటలకూ మూలం ఒకటే అయినా తెలుగు వాడుకలో అవి ఏనాడో వేరుపడ్డాయి. పరంగి మనిషి, ఫిరంగి ఆయుధం. బహువచనంలో రూపాలు దగ్గరగా ఉన్నా, క్రియ చేరేసరికి తేడా బయటపడుతుంది: మహద్వాచకం కనుక పరంగులు ‘కొట్టారు’, అమహద్వాచకం కనుక ఫిరంగులు ‘కొట్టాయి’. మీరు ఉదాహరించిన వాక్యంలో కర్త మనిషి, క్రియ యంత్రానిది. దానిని అచ్చుతప్పుగా సరిపెట్టుకుని ‘ఫిరంగులు’ అని దిద్దుకుంటే వ్యాకరణం కుదురుతుంది కాని చరిత్ర కుదరదు; ఆ సంగతి తరువాత చెబుతాను.

మూలం ఫ్రాంకులు అనే ఐరోపా జాతి పేరు. పదకొండో శతాబ్ది చివర మొదలైన క్రూసేడు యుద్ధాలలో పడమటి దేశాలనుంచి దండెత్తి వచ్చిన క్రైస్తవులందరినీ, వారిలో ఎవరు ఏ దేశంవారైనా, అరబ్బులు ‘ఇఫ్రంజ్’ అన్నారు. పారసీకంలో అది ‘ఫరంగీ’ అయింది. అంటే 1498లో వాస్కోడగామా కోళిక్కోడు చేరేనాటికే, హిందూ మహాసముద్రపు ముస్లిం వర్తకుల నోట అతనికీ అతని వారికీ పేరు సిద్ధంగా ఉంది. తెలుగులో పోర్చుగీసువారికి ప్రత్యేకంగా ‘బుడతకీచులు’ అన్న పేరు ఉన్నది కాని, అది వారి సొంత పేరుకు మన నాలుక చేసిన రూపం. పరంగి మాత్రం ఇతరులు పెట్టగా మనం అందుకున్న పేరు.

అచ్చతెలుగులో ఫకారం లేదు కనుక ఇటువంటి మాటలను జనం పకారంతోనే పలికారు: ఫకీరు పకీరయ్యాడు, ఫ్రెంచివారిని సూచించే ‘ఫరాన్సీస్’ పరాసు అయింది. పరంగి ఆ కోవలోనిది. ఫిరంగిలో ఫకారం నిలవడానికి కారణం, నా అభిప్రాయంలో, అది దక్కను సుల్తానుల కొలువుల్లోని పారసీక, ఉర్దూ వాడుక నుంచి సైనిక పరిభాషగా దిగడమే. తమిళ, మలయాళాలు కూడా ఇదే విధంగా మనిషికి పరంగి అనీ, ఆయుధానికి పీరంగి అనీ రెండు రూపాలను విడదీసుకున్నాయి. కన్నడంలో ఫిరంగి అంటే తోపే, అంటే ఆయుధమే, కాని ‘పరంగి హణ్ణు’ అంటే బొప్పాయి పండు. థాయి భాషలో ‘ఫరంగ్’ అంటే తెల్లవాడూ, జామపండూ. అమెరికా ఖండాలనుంచి ఓడలమీద వచ్చిన పండ్లకు ఓడవాళ్ల పేరే అంటుకుంది. వచ్చినవన్నీ పండ్లే అయితే బాగుండును! పదహారో శతాబ్దిలో భావమిశ్రుడు తన వైద్యగ్రంథం భావప్రకాశంలో సవాయిరోగాన్ని (సిఫిలిస్‌ను) ఫిరంగరోగమన్నాడు. దానికి మందుగా వాడిన చెక్కను మన వైద్యులు ఈనాటికీ పరంగిచెక్క అనే అంటారు.

ఇక జాతి పేరు ఆయుధానికి ఎలా అంటుకున్నదన్నది అసలు ప్రశ్న. ఇది ఒక్క తెలుగునాట జరిగిన వింత కాదు. 1521, 1522 సంవత్సరాలలో దక్షిణ చైనా తీరంలో పోర్చుగీసువారిని మింగ్ సామ్రాజ్యపు నౌకాబలం ఓడించి తరిమింది. ఆ కాలంలో చైనావారు వారి ఓడలమీది తోపులను పరిశీలించి, కొద్ది ఏళ్లలోనే తమ కార్ఖానాలలో పోతపోయడం మొదలుపెట్టారు. చైనీయంలో ‘ఫోలాంగ్జీ’ అన్న మాటకు పోర్చుగీసువాడనీ, ఆ తోపు అనీ రెండు అర్థాలు. ఆ తోపు మూతినుంచి మందు కూరేది కాదు. వెనుకవైపు తెరిచి ఉన్న గాడిలో, ముందుగానే మందూ గుండూ దట్టించి సిద్ధం చేసిన చిన్న గొట్టాన్ని అమర్చి, మేకు బిగించి పేల్చేవారు; పేలినదాన్ని తీసి మరొకటి పెట్టడమే తరువాయి. చైనావారు పెద్దదాన్ని తల్లి అనీ, చిన్న గొట్టాలను పిల్లలనీ అన్నారు. ఆ శతాబ్ది ద్వితీయార్ధంలో ఛీ జిగువాంగ్ అనే సేనాని వీటిని బండ్లకెక్కించి ఉత్తర సరిహద్దులో మంగోలుల మీదికి నిలిపాడు. ఓడిపోయినవాడి పేరే గెలిచినవాడి తోపుకు వచ్చింది!

1526లో పానిపట్టు వద్ద ఉస్తాద్ అలీకులీ ‘ఫిరంగీ’లను పేల్చాడని బాబరు తన స్మృతులలో వ్రాసుకున్నాడు. కాబూలునుంచి భూమార్గాన దిగిన బాబరుకు పోర్చుగీసు ఓడలతో పని పడలేదు. బండ్లను వరుసగా కట్టి వాటి చాటునుంచి కాల్చే ఆ వ్యూహాన్ని అతడే ‘రూమీ’ పద్ధతి, అంటే ఉస్మానియా (ఒట్టోమన్) తురకల పద్ధతి, అన్నాడు. కనుక ఫిరంగి అన్న పేరు మన దేశానికి కేవలం గోవా రేవులోనే దిగిందనుకోవడం పొరపాటు.

పోర్చుగీసువారు రాకముందు మందుగుండు లేదా అన్న మీ ప్రశ్నకు సమాధానం ఇందులోనే ఉంది. 1472 ప్రాంతంలో బహమనీ మంత్రి మహమూద్ గవాన్ బెళగావి కోట గోడల కింద సొరంగాలు తవ్వించి మందుతో పేల్పించాడని చరిత్రకారుడు ఫెరిష్తా వ్రాశాడు. వాస్కోడగామా రాకకు అది పాతికేళ్ల ముందటి మాట. మన తుపాకి తుర్కీ మాట. తోపు కూడా తుర్కీయే. 1549లో పోతపోసిన, బిజాపురంలో నేటికీ ఉన్న మాలికె మైదాన్ తోపును చేసినవాడు మహమ్మద్ బిన్ హుసేన్ రూమీ. అతని పేరు చివరనే తురకదేశం ఉంది. హిందూ మహాసముద్రంలో ప్రత్యర్థులైన ఉస్మానియావారూ పోర్చుగీసువారూ 1538లో దియూ కోట వద్ద తలపడ్డారు కాని, మన నిఘంటువులో తుపాకీ ఫిరంగీ పక్కపక్కనే సర్దుకున్నాయి. కొత్త పేరు కొత్త రకాన్నీ, అది వచ్చిన దారినీ చెబుతుంది. అంతకుముందు ఏమీ లేదని చెప్పదు.

ఇప్పుడు రాయచూరు. 1520 నాటి ఈ యుద్ధాన్ని విపులంగా వర్ణించినవాడు నూనిజ్ అనే పోర్చుగీసు వర్తకుడు. కృష్ణా తీరంలో బిజాపురం సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్షా ఓడిపోగా రాయలకు దక్కిన కొల్లసొమ్ములో పెద్ద తోపులే నాలుగు వందలని అతని లెక్క. అంటే ఫిరంగులు దండిగా ఉన్నది ఓడినవైపు. కోట ముట్టడిలో రాయల సైనికులు గునపాలతో గోడ రాళ్లను పెకలించేవారు. పెకలించిన రాయి బరువును బట్టి నాయకులు వారికి పణాలు చెల్లించేవారు. పై నుంచి పడే రాళ్లకూ బాణాలకూ చాలామంది చనిపోతుండగా, క్రిస్తొవావ్ ది ఫిగైరెదో ఇరవైమంది పోర్చుగీసు తుపాకీదార్లతో వచ్చి, గోడ మీద తల ఎత్తినవాడినల్లా కాల్చడం మొదలుపెట్టాడు. చివరకు కోట అధిపతి తొంగి చూడగా నుదుటి నడుమ గుండు తగిలి మరణించాడు. కోట లొంగిపోయింది. గోడలను బద్దలు కొట్టినవారు గునపాలు పట్టిన మన బంట్లు. పరంగులు చేసింది వారికి అండగా తుపాకులు కాల్చడం. విజయనగరం పరంగులకు లొంగిన రోజులు కావవి, తనకు కావలసినంత మేరకు వారిని వాడుకున్న రోజులు.

ఆ తూకం మారింది పద్దెనిమిదో శతాబ్దిలో. 1757లో బొబ్బిలి మట్టికోట మీద గుండ్లు కురిపించిన ఫిరంగులు బుస్సీ తెచ్చినవి, ఆయన పరాసు. అప్పటికి జనం ఒక్క పరంగితో సరిపెట్టుకోక ఏ తెల్లవాడు ఎవరో గుర్తుపట్టి పిలుస్తున్నారు. మచిలీపట్నంలో పరాసుపేట, వలందపాలెం, ఇంగ్లీషుపాలెం అని మూడు జాతులకు మూడు పేటలు నేటికీ ఆ పేర్లతోనే ఉన్నాయి. వలందలంటే హాలెండువారు, అనగా డచ్చివారు.

శతఘ్ని సంగతి. రామాయణంలో లంకకోట మీద శతఘ్నులున్నాయి నిజమే కాని, అది ఎటువంటి ఆయుధమన్నదానిపై వ్యాఖ్యాతలలోనే ఏకాభిప్రాయం లేదు. కావ్యంలో, పద్యంలో ఫిరంగికి బదులు వాడితే తప్పుపట్టను. చరిత్ర వ్యాసంలో మాత్రం ఫిరంగి, తోపు అన్న మాటలే వాడడం మంచిది. పరంగి అన్న మాటలో నేడు కొంత ఈసడింపు ధ్వనిస్తుంది కనుక, పాత రచనలను ఉదాహరించేటప్పుడు తప్ప పోర్చుగీసువారు అనే వ్రాయండి. ఆ వాక్యాన్ని ఇలా దిద్దుకోవచ్చు: ‘రాయచూరు కోట ముట్టడిలో పోర్చుగీసు తుపాకీదార్లు అండగా నిలువగా రాయల సైనికులు గోడలను పెకలించారు.’