మల్టీక్లాస్‌ని బ్యాన్ చేయకండి, గేమ్‌లో రోజుని సాగదీయండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: 2014 రూల్స్‌తో డి అండ్ డి (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాచికలేసి కథలో పాత్రలుగా ఆడే ఆట) ఆడుతున్నారు, నలుగురు ప్లేయర్లు, అందరూ ఏడో లెవెల్. ఒకతను పాలడిన్ క్లాస్‌లో ఐదు లెవెల్స్, హెక్స్‌బ్లేడ్ వార్‌లాక్ (చరిష్మాతో కత్తి తిప్పే రకం) రెండు కలిపి వచ్చిన ప్రతి బాస్‌నీ రెండు రౌండ్లలో పడుకోబెడుతున్నాడు. ఇంకొకామె ఛాంపియన్ ఫైటర్ నాలుగు, విజార్డ్ మూడు తీసుకుని, ఏ ఫైట్‌లోనూ తన వల్ల ఏమీ కావట్లేదని డల్‌గా కూర్చుంటోంది. రోగ్, క్లెరిక్ మామూలు సింగిల్ క్లాసులే. ఇలా ఒకే క్యారెక్టర్‌లో రెండు క్లాసులు కలిపే మల్టీక్లాస్‌ని మొత్తం ఎత్తేయాలా అని అడిగారు.

ఎత్తేయొద్దండి. 2014 రూల్స్ పుస్తకంలో మల్టీక్లాస్ ఆప్షనల్ రూలే కాబట్టి డీఎంగా (ఆట నడిపే డంజన్ మాస్టర్‌గా) మీకు ఆ హక్కు ఉంది, కాదనను. కానీ ఎత్తేస్తే మీ సమస్య పోదు. మీ దగ్గర ఉన్నవి రెండు వేరు వేరు సమస్యలు. వాటిలో మీవాడిది మల్టీక్లాస్ సమస్యే కాదు, ఆమెది మాత్రం అసలైన మల్టీక్లాస్ సమస్య. మీరేమో మొదటిదాని గురించే ఎక్కువ టెన్షన్ పడుతున్నారు.

మాది అమలాపురం. సంక్రాంతికి హైదరాబాద్, బెంగళూరు నుంచి దిగే కజిన్స్‌తో మొదలైన టేబుల్, ఇప్పుడు మిగతా రోజుల్లో ఆన్‌లైన్‌లో నడుస్తోంది. డీఎం నేనే. మా బావమరిది సరిగ్గా మీవాడి లాంటి పాలడిన్-వార్‌లాక్‌నే ఆడాడు, మా పిన్ని కూతురు ఫైటర్-విజార్డ్. అంచేత మీరు చెప్పిన గొడవ నాకు కొత్త కాదు.

ముందు ఇద్దరి క్యారెక్టర్ షీట్లూ తెప్పించుకుని చూడండి. మల్టీక్లాస్ మరీ ఎక్కువైపోయింది అనే కంప్లెయింట్లలో చాలావరకు లెక్క తప్పే ఉంటుంది. రెండు క్లాసుల నుంచీ ఎక్స్‌ట్రా ఎటాక్ వచ్చినా దెబ్బలు మూడు కావు, రెండే. సేవింగ్ త్రో (ప్రమాదం తప్పించుకోవడానికి వేసే పాచిక) ప్రొఫిషియెన్సీలు మొదటి క్లాస్ ఇచ్చినవే ఉంటాయి, రెండో క్లాస్‌వి రావు. హెవీ ఆర్మర్ కూడా అంతే, ఫైటర్‌నో పాలడిన్‌నో రెండో క్లాస్‌గా తీసుకుంటే రాదు, మొదటి లెవెల్ అందులో తీసుకుని ఉండాలి. వార్‌లాక్ స్లాట్లు, అంటే స్పెల్స్‌కి ఖర్చయ్యే కోటా, ఉమ్మడి టేబుల్‌లో కలవవు, విడిగా ఉంటాయి. స్టాట్స్ పెంచుకునే అవకాశం మొత్తం లెవెల్‌ని బట్టి కాదు, ఆ క్లాస్‌లో నాలుగో లెవెల్‌కి వస్తుంది. ఇంకోటి, స్టాట్స్ పాచికలేసి తీసుకున్నారా, పాయింట్లతో కొన్నారా అడగండి. పాలడిన్-వార్‌లాక్‌కి స్ట్రెంత్, చరిష్మా రెండూ కనీసం 13 ఉండాలి, 15, 14, 13, 12, 10, 8 అనే మామూలు వరసతో వెళ్తే ఆ షరతు ఎక్కడో ఒకచోట నొప్పి పెడుతుంది, అదే పాచికల్లో రెండు పద్దెనిమిదులు పడ్డవాడికి అసలు తెలియను కూడా తెలియదు. అప్పుడు తేడా చేసింది పాచికలు, మల్టీక్లాస్ కాదు.

షీటు కరెక్టే అనుకుందాం, ఇప్పుడు స్మైట్ లెక్క, అంటే స్లాట్ ఒకటి ఖర్చుపెట్టి కత్తి దెబ్బకి కలిపే అదనపు డ్యామేజ్. పాలడిన్ ఐదుకి మొదటి లెవెల్ స్లాట్లు నాలుగు, రెండో లెవెల్‌వి రెండు. వార్‌లాక్ రెండుకి ఇంకో రెండు, మొదటి లెవెల్‌వి. మొత్తం ఎనిమిది. మరి కలపకుండా పాలడిన్‌గానే ఏడో లెవెల్‌కి వచ్చినవాడికి ఎన్ని? నాలుగూ మూడూ ఏడు. ఒక్కటే తేడా! రోజుకి ఒకే ఒక్క ఫైట్, అదీ బాస్‌తో పెడితే సింగిల్ క్లాస్ పాలడిన్ కూడా ప్రతి టర్న్‌లో రెండు దెబ్బలకీ స్మైట్ కలుపుతాడు. రెండో లెవెల్ స్లాట్లు రెండు ఒకే టర్న్‌లో వాడితే స్మైట్ డ్యామేజే సగటున 27, కత్తి దెబ్బ దానికి అదనం. మీ బాస్ చచ్చేది అందుకు. మల్టీక్లాస్ తీసేసినా వచ్చే వారం అలాగే చస్తాడు.

2014 డంజన్ మాస్టర్స్ గైడ్ ఒక రోజులో ఆరు నుంచి ఎనిమిది మీడియం లేదా హార్డ్ ఎన్‌కౌంటర్లు (ఫైట్లు, అడ్డంకులు), మధ్యలో రెండు షార్ట్ రెస్టులు (గంట విశ్రాంతి) అని లెక్క వేసుకుంది. మనలో ఎవరూ అన్ని పెట్టం, రాత్రి పదకొండుకి మొదలెట్టి ఒంటిగంటకి ముగించే సెషన్లో ఎక్కడ పెడతాం. కానీ గేమ్‌లో రోజు, సెషన్ ఒకటి కానక్కర్లేదు కదా. ఒక రోజుని మూడు సెషన్లు లాగండి. వార్‌లాక్ స్లాట్లు షార్ట్ రెస్ట్‌కే తిరిగొస్తాయి కాబట్టి అప్పుడు మీవాడికి రెండు షార్ట్ రెస్టులతో కలిపి పన్నెండు స్మైట్లు, మామూలు పాలడిన్‌కి ఏడే. లాభం ఉంది, కాదనట్లేదు, వార్‌లాక్ తీసుకున్నందుకు ఆ మాత్రం ఉండాలి కూడా. కానీ టర్న్‌కి రెండు కాస్తా ఫైట్‌కి రెండు అయిపోతాయి. అటుపక్క రోగ్‌కి ఏడో లెవెల్‌లో స్నీక్ ఎటాక్ నాలుగు ఆరుముఖాల పాచికలు, సగటున 14, ప్రతి రౌండూ ఉచితం, ఎప్పటికీ అయిపోదు. రోజు పొడుగైతేనే ఆ విలువ కనపడుతుంది.

దీనికి నేను చేసింది చెప్తాను, మీక్కావాలంటే వాడుకోండి. మా కథంతా లంక గ్రామాల్లో నడుస్తుంది, ఊళ్ల పేర్లు మార్చాను గానీ వరద లెక్క మన ధవళేశ్వరం బ్యారేజీదే. 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. మొదటి హెచ్చరిక నుంచి మూడో హెచ్చరిక దాకా లాంగ్ రెస్ట్ (స్లాట్లన్నీ తిరిగిచ్చే రాత్రి నిద్ర) లేదన్నాను. ఎనిమిది గంటలు పడుకుంటే లేచేసరికి లంక ఉండదు. మధ్యలో పంటు దొరికితే దాని మీద ఒక గంట, అదే షార్ట్ రెస్ట్. రూల్ ఎవరికీ వివరించాల్సిన పని పడలేదు. 1986 వరద కథలు ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర విని పెరిగినవాళ్లు, రెండో హెచ్చరిక అనగానే నోళ్లు మూసుకుని మ్యాప్ మీదకి వంగారు. పైగా వరదలో అన్నీ ఫైట్లు కావు. పశువుల్ని గట్టు ఎక్కించాలి, తెగిన పడవ తాడు పట్టాలి, గాయపడ్డవాళ్లకి క్యూర్ వూండ్స్ వేయాలి, అది కూడా అదే స్లాట్లలోంచి పోవాలి. మా బావమరిది బాస్ దగ్గరికి చేరేసరికి చేతిలో స్లాట్లు రెండే మిగిలాయి, ఎప్పుడు కొట్టాలా అని మొదటిసారి ఆలోచించాడు. ఆ ఫైట్‌నే ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాడు.

దూరం నుంచి బాణాలేసే శత్రువుల్ని పెట్టండి, పాలడిన్ గిలగిల్లాడతాడు అని కొందరు సలహా ఇస్తారు. మీవాడికి ఎల్డ్రిచ్ బ్లాస్ట్ ఉంది, 120 అడుగులు పోతుంది, అలాంటి క్యాంట్రిప్‌లు (స్లాట్ అక్కర్లేని స్పెల్స్) మొత్తం లెవెల్‌ని బట్టి పెరుగుతాయి కాబట్టి రెండు కిరణాలు వస్తాయి. కాలవ అవతల గట్టు మీద నిలబెట్టినా కొడతాడు. ఒక్క పెద్ద బాస్ బదులు మధ్యరకం శత్రువుల్ని ఆరుగురిని పెట్టండి, అది పనిచేస్తుంది. ఇంకో సలహా కూడా వింటుంటాం, వార్‌లాక్‌కి శక్తులిచ్చే పేట్రన్ కోప్పడ్డాడని చెప్పి శక్తులు లాగేసుకోమని. నాకు అస్సలు నచ్చదు. కథలో అర్థం ఉంటే చేయండి, స్మైట్‌కి విరుగుడుగా చేస్తే అది కక్ష తీర్చుకున్నట్టే ఉంటుంది, టేబుల్ దగ్గర అందరికీ తెలిసిపోతుంది.

ఇక ఆమె సంగతి. నేనైతే వాడికంటే ముందు ఈమెకే ఫోన్ చేస్తాను. ఫైటర్ నాలుగు, విజార్డ్ మూడు అంటే అరెకరం చేలో సగం వరి వేసి సగం రొయ్యల చెరువు తవ్వినట్టు. ఐదో లెవెల్ దగ్గర ఫైటర్‌కి రెండో దెబ్బ వస్తుంది, విజార్డ్‌కి ఫైర్‌బాల్ లాంటి మూడో లెవెల్ స్పెల్స్ వస్తాయి, ఈ ఆట మొత్తంలో అంతకంటే పెద్ద మెట్టు లేదు. మిగతా ముగ్గురూ ఆ మెట్టు ఎక్కేశారు, మీ పాలడిన్‌తో సహా, అతను ఐదు పూర్తిచేసుకునే పక్కకి వెళ్లాడు చూడండి. ఆమె రెండు మెట్ల కిందా నిలబడి ఉంది. ఇప్పుడున్న దారిలో వెళ్తే ఎనిమిదో లెవెల్‌కి రెండో దెబ్బ, ఫైర్‌బాల్ పదో లెవెల్‌కి. చాలా క్యాంపెయిన్లు అక్కడిదాకా బతకవు. మంచి కత్తి ఒకటి ఇచ్చి సర్దేద్దాం అనుకుంటారేమో, కత్తి ఈ ఆలస్యాన్ని తీర్చదు.

ఒక లెవెల్ కూడా పోకుండా క్యారెక్టర్‌ని మళ్లీ కట్టుకోమనండి. దారులు రెండున్నాయి. ఒకటి, ఎల్డ్రిచ్ నైట్ ఫైటర్‌గా ఏడు. దానికి మొదటి లెవెల్ స్లాట్లు నాలుగు, రెండో లెవెల్‌వి రెండు, అంటే ఇప్పుడు విజార్డ్ మూడుతో ఆమెకి ఎన్ని ఉన్నాయో సరిగ్గా అన్నే! తెలిసే స్పెల్స్ తగ్గుతాయి గానీ పైన రెండు దెబ్బలు, క్యాంట్రిప్ వేసి వెంటనే బోనస్ యాక్షన్‌తో కత్తి కొట్టే వార్ మ్యాజిక్, స్టాట్స్ పెంచుకోవడం ఇంకోసారి. రెండోది, ఫైటర్ రెండు, విజార్డ్ ఐదు. మొదటి లెవెల్ ఫైటర్‌లో తీసుకుంటే హెవీ ఆర్మర్, కాన్‌స్టిట్యూషన్ సేవ్ ఉంటాయి, దెబ్బ తిన్నా స్పెల్ మీద కాన్‌సన్‌ట్రేషన్ అంత తేలిగ్గా పోదు, యాక్షన్ సర్జ్ (ఒక టర్న్‌లో ఇంకో యాక్షన్) ఉంటుంది, ఫైర్‌బాల్‌కి మూడో లెవెల్ స్లాట్లు రెండు. కాకపోతే స్టాట్స్ పెంచుకునేది విజార్డ్ నాలుగులో వచ్చే ఒక్కటే. మా పిన్ని కూతురికి ఈ రెండూ కాగితం మీద రాసి పంపితే క్షణం ఆలోచించకుండా రెండోది పట్టుకుంది, ఆ తర్వాత సెషన్లోనే ఒక లంకలో గడ్డిమేట్లన్నీ తగలబెట్టింది. ఆమె క్యారెక్టర్ కథ మారలేదు, కత్తి పట్టిన పండితురాలే. ఆడేవాళ్లకి కావాల్సింది ఆ బొమ్మ, ఏ క్లాస్ ఎన్ని లెవెల్సన్నది ఎవరికీ పట్టదు.

2024 రూల్స్‌కి మారిపోదామా అని కూడా అడుగుతారేమో. మారితే స్మైట్ బోనస్ యాక్షన్ స్పెల్ అయిపోయింది కాబట్టి టర్న్‌కి ఒక్కటే, యాక్షన్ సర్జ్‌తో స్పెల్స్ వేయడం కుదరదు, సబ్‌క్లాసులన్నీ మూడో లెవెల్‌కి జరిగాయి. అయినా చరిష్మాతో కత్తి తిప్పే దారి వార్‌లాక్ మొదటి లెవెల్‌లో ఇంకా ఉంది, అందుకని ఆశలు మరీ పెట్టుకోకండి. తయారుచేసేవాళ్లే దీంతో ఎప్పట్నుంచో కుస్తీ పడుతున్నారు. 1978 పుస్తకంలో మల్టీక్లాస్ మనుషులు కాని జాతులకే, ఎక్స్‌పీరియన్స్ క్లాసుల మధ్య పంచుకోవాలి. 2000లో అందరికీ తలుపులు తెరిచి, క్లాసుల మధ్య లెవెల్స్ తేడా పెరిగితే ఎక్స్‌పీరియన్స్‌లో 20 శాతం కోత పెట్టారు, 2008లో మొత్తాన్నీ ఫీట్లకి (విడిగా ఎంచుకునే చిన్న ప్రత్యేక నైపుణ్యాలకి) కుదించారు. అలాంటప్పుడు మనం ఒక్క హౌస్ రూల్‌తో తేల్చేస్తాం అనుకోవడం అత్యాశే.

ఎనిమిదో లెవెల్ వచ్చినప్పుడు మాత్రం మీవాడితో విడిగా ఒక మాట మాట్లాడండి. వార్‌లాక్ మూడు తీసుకుంటే ఇంకాస్త సొంత బలం. పాలడిన్ ఆరు తీసుకుంటే ఆరా ఆఫ్ ప్రొటెక్షన్ వస్తుంది, పదడుగుల లోపు ఉన్న ప్రతి దోస్తుకీ సేవింగ్ త్రోలో అతని చరిష్మా బోనస్ కలుస్తుంది, మీ ఫైటర్-విజార్డ్‌తో సహా. నేను మా బావమరిదికి ఇదే చెప్పాను, ఒక్క నిమిషం గొణిగి ఒప్పుకున్నాడు. ఇప్పుడు ఫైట్ మొదలవగానే అందరూ వెళ్లి అతని పక్కన నిలబడుతున్నారు.