టీవీకి వీపీఎన్ యాప్ దొరకనప్పుడు

అమెరికా నుంచి సెలవులకు విజయనగరం వస్తే నాన్నగారి టీవీలో హులు (అమెరికా వీడియో స్ట్రీమింగ్ సర్వీసు) తెరుచుకోవట్లేదు, ఫోన్‌లో వీపీఎన్ పెడితే ఆగి ఆగి వస్తోంది అన్నారు కదండీ. వీపీఎన్ ట్రాఫిక్ మొత్తాన్నీ ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే బయటివాళ్లు చదవలేని కోడ్‌గా మార్చి, అమెరికా సర్వర్ మీదుగా తిప్పుతుంది, అందుకే ఆ నత్తనడక. స్మార్ట్ డీఎన్ఎస్ అనే మరో రకం సర్వీసు అయితే మీరెక్కడున్నారో తేల్చే రిక్వెస్టులనే అటు పంపుతుంది, వీడియో నేరుగా వస్తుంది. యాప్ అక్కర్లేదు, టీవీ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో డీఎన్ఎస్ (సైట్ పేరును బట్టి దాని అడ్రస్ చెప్పే సర్వర్) నంబర్లు మార్చి వాళ్లిచ్చినవి పెడితే చాలు.

అసలు తిరకాసు ఐపీతో, అంటే మీ ఇంటి ఇంటర్నెట్ అడ్రస్ నంబరుతో. స్మార్ట్ డీఎన్ఎస్ సర్వీసు వాళ్ల దగ్గర మీ ఇంటి ఐపీ నమోదు చేయాలి. కరెంటు పోయి రౌటర్ మళ్లీ ఆన్ అయిందంటే అది మారిపోవచ్చు, టీవీ మొరాయిస్తుంది. అప్పుడు అదే వైఫైలో ఉన్న ఫోన్‌తో వాళ్ల పేజీ తెరిచి అప్‌డేట్ కొట్టండి. స్మార్ట్ డీఎన్ఎస్‌కి ఎన్‌క్రిప్షన్ ఉండదు, స్టేషన్ వైఫైలో బ్యాంకు పనులకు వీపీఎన్‌నే వాడండి. రెండూ హులు నిబంధనలకు విరుద్ధమే, ఎప్పుడైనా బ్లాక్ కావచ్చు; అందుకే వీటికి ఏడాది ప్లాన్ మాత్రం కొనకండి.