అన్నయ్యతో మాటలు లేవన్న మీ ప్రశ్నకు నా సమాధానం

చెన్నై టీ నగర్‌లో ఒకే ఇంట్లో పైనా కిందా ఉంటూ మీరూ అన్నయ్యా ఆడిటర్ గారి ద్వారానే మాట్లాడుకుంటున్నారని, నాన్నగారు పోయాక ఇప్పుడు దగ్గరికెళ్తే ఆస్తి కోసమే వచ్చిందనుకుంటాడేమోనని టెన్షన్‌గా ఉందని రాశారు. చదివి మనసు చివుక్కుమందండీ. మా ఇంట్లోనూ ఇదే జరిగింది.

ముందు ఆస్తి మాటను, అన్నయ్య మాటను వేరు చేయండి. నాన్నగారి స్వార్జితం, వీలునామా లేదు, నాయనమ్మ కూడా లేరన్నారు కాబట్టి 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకూ, అన్నయ్యకూ, మీకూ సమాన వాటా. అది ఎవరి దయా కాదు. గొడవ పోతుందని హక్కు వదులుతూ సంతకం మాత్రం పెట్టకండి. ఆ కడుపుమంట తర్వాత ఇంకోలా బయటికొస్తుంది. లెక్క తేలకపోతే మద్రాసు హైకోర్టు ఆవరణలోనే మధ్యవర్తిత్వ కేంద్రం ఉంది, లాయర్ని అడగండి.

ఇక అన్నయ్య. నాన్నగారు మార్కులు చూసి ఒకరిని పొగిడి ఇంకొకరిని తిట్టేవారన్నారు కదా. అలాంటి ఇంట్లో పిల్లలు ఎవరి గది తలుపు వాళ్లు వేసుకోవడమే నేర్చుకుంటారు. అతనికి మీ మీద కోపమేనని తేల్చేయకండి.

మూడేళ్లు మాటల్లేకుండా ఉన్నాక నేను మా అన్నయ్యకు అమ్మ జాడీలో గోంగూర పచ్చడి పంపాను. వారానికి జాడీ కడిగి, తుడిచి, తనే తెచ్చాడు. విరిగిన అంచు మీద వేలు పెట్టి "ఇది నేను పగలగొట్టిందే, దెబ్బలు నువ్వు తిన్నావు" అన్నాడు. కాఫీ తాగి వెళ్లిపోయాడు. నేనూ ఇంకేం అడగలేదు.

ఈ ఆదివారం మీరే మెట్లెక్కి వెళ్లండి. కాగితాలు తీసుకెళ్లకండి. పది నిమిషాలు కూర్చుని వచ్చేయండి. తలుపు తీయకపోతే, మళ్లీ వచ్చే ఆదివారం.