స్వాహిలీనా, జూలూనా అని అడిగావు కదా

బుజ్జీ,

నీ మెసేజ్ చూశాను. యూనివర్సిటీలో ఆఫ్రికా భాషలు తీసుకుంటానంటే మీ నాన్న ఒకటే టెన్షన్ పడుతున్నాడని రాశావు, ఆ గొడవ నేను ఫోన్‌లో తేలుస్తాను, ముందు నీ సంగతి చూద్దాం.

రెండూ ఒకేసారి పట్టుకోకు. రెండూ బంటు అనే ఒకే ఆఫ్రికా భాషా కుటుంబానివే కాబట్టి ఒకటి ఒంటబట్టాక రెండోది తేలికవుతుంది గానీ, మొదటి ఏడాదే కలిపి చదివితే ఒకదాని మాట ఇంకోదానిలో పడి గందరగోళమైపోతావు. స్వాహిలీతో మొదలుపెట్టు, రాసినట్టే పలుకుతారు.

ఏ మాటా ఒంటరిగా బట్టీ కొట్టకు. 'కిటాబు చంగు కిజూరి' అంటే నా మంచి పుస్తకం. అదే పుస్తకాలైతే 'విటాబు వ్యాంగు విజూరి'. తల, అంటే పేరు మొదట్లో ఉండే 'కి', 'వి' లాంటి ముక్క, మారితే వెనకున్న మాటల తలలన్నీ మారతాయి. తమాషా ఏంటంటే 'కిటాబు' అరబ్బీ నుంచి వచ్చిన మన కితాబే, మొదట్లో 'కి' కనబడేసరికి దాన్నీ తమ 'కి' మాటల లెక్కలో కలిపేసుకున్నారు! ఇలాంటి వాక్యాలు వంట చేస్తూ పైకి అనుకో, పట్టిక చూస్తే నిద్రొస్తుంది.

క్రియల దగ్గర మాత్రం ఇంగ్లీషులోకి తిప్పుకోకు, తెలుగులోనే ఆలోచించు. 'సోమ' చదువు, 'సోమేష' చదివించు. జూలూలో 'ఫుండ' నేర్చుకో, 'ఫుండీస' నేర్పించు. మనం పుట్టినప్పటి నుంచీ చేస్తున్న పనే ఇది.

టైము దగ్గర నేను తిన్న దెబ్బ నువ్వు తినకు. టాంజానియాలో, దార్ ఎస్ సలామ్‌లో స్వాహిలీ చదివేటప్పుడు మా సారు 'సా మ్బిలి' రమ్మన్నారు, మ్బిలి అంటే రెండు కదా అని భోంచేసి తీరిగ్గా మధ్యాహ్నం రెండింటికి వెళ్తే గదికి తాళం. వాళ్లు పొద్దున ఆరు నుంచి లెక్కపెడతారు, మన జాముల్లాగే, కాబట్టి రెండంటే ఎనిమిది. మర్నాడు కనబడగానే 'షికమో' అన్నాను, పెద్దవాళ్లకి పెట్టే నమస్కారం, దాని మూలం కాళ్లు పట్టుకుంటున్నాననే అంటారు. ఆయన నవ్వేసి 'మరహబ' అన్నారు, బతికిపోయాను.

జూలూకి వచ్చాక క్లిక్కులకి, అంటే నోట్లో నాలుకతో చేసే చప్పుళ్లకి, భయపడకు. 'అయ్యో పాపం' అంటూ నాలుక పళ్లకి తగిలించి 'చ్చ్' అంటామే, అది ఒకటి. ఎడ్లని అదిలించేటప్పుడు బుగ్గ పక్కనుంచి చేసే చప్పుడు ఇంకోటి, వాళ్ల కప్ప పేరులో అది రెండుసార్లు వస్తుంది. నన్ను ఏడిపించింది స్వరం: చంద్రుడికీ మూలికా వైద్యుడికీ రాత ఒకటే, 'ఇన్యాంగ', పలికే ఎత్తుపల్లాల్లోనే తేడా. పుస్తకంలో అది రాయరు, మనుషుల దగ్గర వినాల్సిందే. దక్షిణాఫ్రికాలో, డర్బన్‌లో చదివే వీలుంటే వదులుకోకు, అక్కడి క్వాజులూ-నటాల్ యూనివర్సిటీ 2014 నుంచి కొత్తగా చేరే డిగ్రీ పిల్లలకి జూలూ తప్పనిసరి చేసింది.

అన్నట్టు, జూలూవాళ్లలో పాత పద్ధతి కోడళ్లు మామగారి పేరే కాదు, ఆ పేరులో అక్షరాలున్న మాటలు కూడా పలకరు, బదులు వేరే మాట వాడతారు. మా అమ్మమ్మ తాతయ్య పేరు చెప్పడానికి పడ్డ తిప్పలు గుర్తొచ్చాయి.

ఆదివారంలోగా ఆ పుస్తకాల వాక్యం రెండు రకాలుగా పలికి వాయిస్ మెసేజ్ పెట్టు, 'వ్యాంగు' దగ్గర తడబడతావు చూడు.

మీ అత్త